కచేరీ వీడియో కాపీ అవుతోందా? వీడియోకు తాళం వేయడం కంటే ముందు నంబరు వేయండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఎంవీపీ కాలనీలో మీ అక్కగారూ మీరూ వయొలిన్ పాఠశాల నడుపుతున్నారు. నెలకో ఆదివారం సాయంత్రం ఆరింటికి కచేరీ పెట్టి, కుటుంబానికి 150 రూపాయలు తీసుకుని ఇంటర్నెట్‌లో లైవ్ ఇస్తున్నారు. దాదాపు 200 కుటుంబాలు చూస్తున్నాయి, అందులో కొన్ని అమెరికా నుంచి. రెండు నెలలుగా కచేరీ అయిన మర్నాడు పొద్దున్నకల్లా మొత్తం వీడియో ఒక టెలిగ్రామ్ గ్రూపులో, కీర్తనలు విడివిడిగా ఒక యూట్యూబ్ చానల్లో వచ్చేస్తున్నాయి. "ఖర్చు ఎంతైనా సరే, కాపీ కాకుండా పూర్తిగా ఆపే పద్ధతి ఉందా? లేకపోతే కచేరీలే మానేద్దామా?" అన్నారు.

మానకండి. పూర్తిగా ఆపే పద్ధతి మాత్రం లేదు. ఉందని ఎవరైనా చెప్పి డబ్బు అడిగితే ఇవ్వకండి.

నేను విశాఖలో కేబుల్ టీవీ హెడ్‌ఎండ్‌లో, అంటే చానళ్లు అందుకుని ఊళ్లోని ఇళ్లకు పంపే కేంద్రంలో, ఇరవై ఆరేళ్లు పనిచేశాను. మేడమీద డిష్‌లు తిప్పే పనితో మొదలుపెట్టి, ప్రసారానికి తాళం వేసే స్క్రాంబ్లింగ్ విభాగం చూసుకునే దాకా వచ్చాను. డబ్బు కట్టినవాళ్లకు బొమ్మ రావాలి, కట్టనివాళ్లకు రాకూడదు, మా ఉద్యోగమంతా ఇదే. ఇన్నేళ్లలో నాకు గట్టిగా తెలిసింది ఒకటుంది. కంటికి కనబడే బొమ్మనీ చెవికి వినబడే పాటనీ కాపీ చేయకుండా ఏ తాళమూ ఆపలేదు. అది ఎవరి ఇంటి నుంచి బయటికెళ్లిందో కనిపెట్టడం మాత్రం మన చేతిలో ఉంది. మీరు పెట్టబోయే డబ్బులో ఎక్కువ భాగం ఆ రెండో పనికి పెట్టండి.

ముందు మీ తలుపు సంగతి. మీరు పంపుతున్నది యూట్యూబ్ అన్‌లిస్టెడ్ లింక్ అని రాశారు. అన్‌లిస్టెడ్ అంటే వెతికితే దొరకదు, అంతవరకే. లింక్ చేతికొచ్చిన ప్రతివాళ్లూ చూడొచ్చు. అది ఎన్ని వాట్సాప్ గ్రూపులు తిరిగిందో మీకు తెలిసే దారి లేదు. ఇంటికి తాళం వేయకుండా, ఇల్లు ఏ సందులో ఉందో చెప్పకుండా ఊరెళ్లినట్టు ఉంది ఇది. పైగా 200 కుటుంబాలకూ ఒకటే లింక్, ఒకటే వీడియో. బయటికొచ్చిన కాపీని పట్టుకుని ఎంత చూసినా, అది ఎవరిదో చెప్పే గుర్తు అందులో ఒక్కటీ ఉండదు.

ఒకప్పుడు కేబుల్‌లో మా పరిస్థితీ ఇదే. అనలాగ్ రోజుల్లో స్తంభం మీది ఆంప్లిఫయర్ నుంచి ఇంట్లోకి వైరు వచ్చిందంటే చానళ్లన్నీ వచ్చేసినట్టే. మద్దిలపాలెంలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఒకే కనెక్షన్ మీద తొమ్మిది టీవీలు ఆడటం కళ్లారా చూశాను. డాబా మీద స్ప్లిట్టర్, దానికి ఇంకో స్ప్లిట్టర్. చివరి ఇంట్లో బొమ్మ మంచు కురుస్తున్నట్టు ఉండేది, అయినా సీరియల్ చూసేవారు. వీడియో క్యాసెట్లదీ అంతే, కాపీకి కాపీ తీస్తే రంగు పోయేది, గొంతు బొంగురుపోయేది. ఎవరూ పెట్టకుండానే ఉన్న అడ్డం అది. డిజిటల్ వచ్చాక ఆ అడ్డం పోయింది. వందో కాపీ కూడా మొదటిదానిలాగే ఉంటుంది. అందుకే డబ్బు కట్టి చూసే డిజిటల్ ప్రసారాలకు తాళం అనేది తప్పనిసరి అయింది.

2011లో కేబుల్ టీవీ చట్టాన్ని సవరించి దశలవారీగా సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరి చేశారు. రెండో దశలో 38 నగరాలు. ఆ జాబితాలో హైదరాబాద్‌తో పాటు మన విశాఖ కూడా ఉంది. గడువు 2013 మార్చి 31. ఆ మార్చి నెలలో మేం ఇంటికెళ్లి పడుకున్న రాత్రులు తక్కువ.

ఆ బాక్సుల్లో తాళం ఎలా పనిచేస్తుందో చెప్తాను, మీకు రేపు ఎవరైనా డీఆర్‌ఎమ్ (వీడియోకు వేసే డిజిటల్ తాళం) అమ్మడానికి వస్తే లోపల జరిగేది అర్థమవుతుంది. హెడ్‌ఎండ్‌లో బొమ్మనీ శబ్దాన్నీ ఒక తాళంచెవితో కలగాపులగం చేసి పంపుతాం. దాన్నే స్క్రాంబ్లింగ్ అంటాం. ఆ తాళంచెవి పేరు కంట్రోల్ వర్డ్. సాధారణంగా పది సెకన్లకోసారి అది మారిపోతుంది. మారిన ప్రతిసారీ కొత్త తాళంచెవిని కూడా అదే వైరులో పంపాలి, కాకపోతే దాన్ని ఇంకో పెట్టెలో పెట్టి తాళం వేసి పంపుతాం. ఈ చిన్న పెట్టెను ఈసీఎమ్ అంటారు. దాన్ని తెరవగలిగేది మీ బాక్సులోని కార్డు. ఆ కార్డుకు 'ఈ నెల ఈ ప్యాకేజీ చూడొచ్చు' అని అనుమతి ఇచ్చే సందేశం ఈఎమ్‌ఎమ్. మీరు డబ్బు కట్టగానే మా దగ్గర కంప్యూటర్‌లో ఒక బటన్ నొక్కుతారు, మీ కార్డు నంబరుతో ఈఎమ్‌ఎమ్ బయల్దేరుతుంది, బొమ్మ వస్తుంది. ప్రపంచంలో ఎక్కువ దేశాలు వాడిన స్క్రాంబ్లింగ్ పద్ధతి 1994 నాటిది. తాళంచెవి పొడవు కాగితం మీద 64 బిట్లు (సున్నా, ఒకటి అంకెలు), నిజంగా పనిచేసేది 48. ఇప్పటి కంప్యూటర్లకు 48 బిట్లు పెద్ద కొండేం కాదు, అందుకే తర్వాత 128 బిట్ల పద్ధతి తెచ్చారు.

అయితే దొంగలు ఎక్కువగా ఆ లెక్కల జోలికి పోలేదు. కార్డు షేరింగ్ అని ఒకటి చేశారు. ఒక మనిషి నిజమైన కార్డు కొంటాడు, డబ్బు సక్రమంగా కడతాడు. కార్డు ఈసీఎమ్ తెరిచి తాళంచెవి బయటికివ్వగానే దాన్ని ఇంటర్నెట్ మీద వందమందికి పంపిస్తాడు. పది సెకన్లకోసారి చిన్న సంఖ్య పంపితే చాలు. తాళం పగల్లేదు, లోపలి మనిషే చెవి అందించాడు.

ఏ తాళం చరిత్ర చూసినా ఇదే కథ. డీవీడీలకు వేసిన తాళం 40 బిట్లది, 1999లో నార్వేలో ఒక కుర్రాడూ అతని స్నేహితులూ దాన్ని తెరిచే ప్రోగ్రాం బయటపెట్టారు. హెచ్‌డీఎమ్‌ఐ తీగలో బొమ్మకు కాపలా కాసే హెచ్‌డీసీపీ అనే పద్ధతి ఉంది. దాని మూల తాళంచెవి 2010 సెప్టెంబరులో ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. అవి తయారుచేసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. వాళ్లకు ఎదురైన చిక్కు ఒక్కటే. మామూలు రహస్య సందేశంలో పంపేవాడూ అందుకునేవాడూ ఒకవైపు, దొంగ ఇంకోవైపు ఉంటారు. ప్రసారంలో అందుకునేవాడే దొంగ కావచ్చు. బొమ్మ చూడాలంటే తాళంచెవి అతని ఇంటికి వెళ్లాల్సిందే. ఇంట్లోకి వెళ్లిన చెవి ఏదో ఒకరోజు బయటికొస్తుంది. అంతా కట్టుదిట్టం చేసినా, టీవీ ముందు ఫోన్ పెట్టి రికార్డు చేసేవాణ్ణి ఏ చిప్పూ ఆపలేదు.

అమెరికాలో దీన్ని చట్టంతో ఆపాలని చూశారు. డిజిటల్ టీవీ ప్రసారంలో ఒక చిన్న గుర్తు పంపుతారు, దేశంలో అమ్మే ప్రతి టీవీ, ప్రతి రికార్డరూ ఆ గుర్తు చూసి కాపీని ఇంటర్నెట్‌లో పంచడానికి వీల్లేకుండా చేయాలి. దాని పేరు బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్. అక్కడి కమ్యూనికేషన్స్ కమిషన్ 2003 నవంబరులో నిబంధన పెట్టింది, 2005 జులై నుంచి అమలు అంది. అమలుకు రెండు నెలల ముందు, 2005 మేలో, వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. ప్రసారం ఇంటికి చేరిపోయాక యంత్రాలు ఎలా నడవాలో చెప్పే అధికారం మీకు లేదంది. ఆ కేసు వేసినవాళ్లలో ముందున్నది గ్రంథాలయాల సంఘం, అది నాకు చాలా నచ్చిన విషయం. పాఠం కోసం ఒక ముక్కను ఇంటర్నెట్‌లో విద్యార్థులకు పంపే టీచరు కూడా ఆ గుర్తు దెబ్బకు ఆగిపోతుందని వాళ్ల బాధ.

పాటల వైపు ఇంకా ఘోరం జరిగింది. 2005లోనే ఒక పెద్ద మ్యూజిక్ కంపెనీ సీడీల్లో కాపీ అడ్డుకునే సాఫ్ట్‌వేర్ పెట్టింది. సీడీని కంప్యూటర్‌లో పెట్టగానే అది చెప్పాచెయ్యకుండా లోపల దాక్కునేది, దాన్ని ఆసరా చేసుకుని వైరస్‌లు దూరేవి. చివరికి లక్షల సీడీలు వెనక్కి తీసుకున్నారు. దెబ్బ తిన్నది ఎవరు? డబ్బు పెట్టి సీడీ కొన్నవాళ్లు. దొంగ కాపీ దించుకున్నవాడికి ఏ ఇబ్బందీ లేదు. 2009లో ఆపిల్ తన పాటల దుకాణంలో తాళాలన్నీ తీసేసింది, అయినా పాటలు అమ్ముడుపోతూనే ఉన్నాయి.

తాళం ఎప్పుడూ సక్రమంగా కట్టేవాడి మీదే ముందు పడుతుందని హుద్‌హుద్ తర్వాత నేను ప్రత్యక్షంగా చూశాను. 2014 అక్టోబరు 12న తుపాను తీరం దాటింది. మా డిష్‌లు ఎగిరిపోయాయి, ఊళ్లో స్తంభాలు నేలమీద పడుకున్నాయి. కొన్ని పేటలకు కరెంటు రావడానికే రోజులు పట్టింది. కరెంటు వచ్చాక వైర్లు కట్టి సిగ్నల్ ఇస్తే ఇళ్లల్లో బొమ్మ రాలేదు. బాక్సులు అన్నిరోజులు ఆగిపోయి ఉన్నాయి కదా, ఆ మధ్యలో పంపిన అనుమతులు వాటికి అందలేదు. 'మీకు ఈ చానల్ లేదు' అని తెరమీద వస్తుంటే, ఇల్లు కూలి వార్తల కోసం చూస్తున్న మనిషికి ఎలా ఉంటుంది? పగలూ రాత్రీ ఈఎమ్‌ఎమ్‌లు మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చున్నాం. ప్రతి తాళానికీ ఇలాంటి రోజు ఒకటి వస్తుంది. మీ 200 కుటుంబాల్లో ఒక పెద్దావిడకు లాగిన్ కుదరక కచేరీ అయిపోతే, ఆవిడ వచ్చే నెల కట్టదు.

ఇక ఫింగర్‌ప్రింట్ గురించి. మీకు అసలు కావలసింది ఇది.

క్రికెట్ మ్యాచ్ చూస్తుంటే ఒక్కోసారి తెర మీద ఏదో నంబరు కొన్ని సెకన్లు కనబడి మాయమవుతుంది, చూసే ఉంటారు. అది మీ బాక్సు నంబరు లేదా కార్డు నంబరు. మీకు కనబడేది మీది, పక్కింటికి కనబడేది వాళ్లది. హెడ్‌ఎండ్ నుంచి 'నీ నంబరు చూపించు' అని ఒక ఆదేశం వెళ్తుంది, ప్రతి బాక్సూ తన నంబరు తానే వేసుకుంటుంది. టెలికాం, కేబుల్ టీవీలను నియంత్రించే ట్రాయ్ నిబంధనల్లో దీనికి చాలా పట్టింపు ఉంది. రిమోట్‌లో ఏ బటన్ నొక్కినా పోకూడదు, అన్నిటికన్నా పై పొరలో ఉండాలి, మెనూ తెరిచి ఉన్నా కనబడాలి.

ఒక వేసవిలో ఒక స్పోర్ట్స్ చానల్ వాళ్ల నుంచి మాకు కబురొచ్చింది, గాజువాక వైపు ఎవరో మన సిగ్నల్ దొంగగా ఇస్తున్నారని. ఒకే ఒక్క బాక్సు పెట్టుకుని, దాని బొమ్మను మాడ్యులేటర్‌లో (బొమ్మను టీవీ చానల్‌గా మార్చే యంత్రం) పెట్టి, పాత అనలాగ్ పద్ధతిలో వీధంతటికీ వైర్లు లాగారన్నమాట. మా కుర్రాణ్ణి ఆ వీధిలో టిఫిన్ హోటల్లో కూర్చోబెట్టాం. రాత్రి మ్యాచ్ మంచి ఊపులో ఉండగా హెడ్‌ఎండ్ నుంచి ఫింగర్‌ప్రింట్ వదిలాం. హోటల్ టీవీలో నంబరు కనబడింది. అది హోటల్ బాక్సుది కాదు, అక్కడ బాక్సే లేదు. వీధి వెనక ఎక్కడో దాచిపెట్టిన ఆ ఒక్క బాక్సుది. కుర్రాడు అరచేతిలో పెన్నుతో రాసుకున్నాడు, ఫోన్ చేసి చదివాడు. నేను అదే నిమిషంలో ఆ నంబరు ఆపేశాను. చాలా సంతోషంగా ఇంటికెళ్లాను.

హోటల్లో మాత్రం బొమ్మ ఆగలేదట. మ్యాచ్ చివరిదాకా వచ్చింది.

మర్నాడు అక్షయ తృతీయ. సింహాచలంలో చందనోత్సవం, అప్పన్న నిజరూపం దొరికేది ఏడాదిలో ఆ ఒక్కరోజే. మధ్యాహ్నం ఒంటి గంటకు వన్‌టౌన్ నుంచి ఒక ముసలాయన బస్సు దిగి మా ఆఫీసుకు వచ్చాడు. గుడ్డసంచిలో బాక్సు, కార్డు విడిగా రుమాలులో చుట్టి ఉంది. భార్య మంచం మీద ఉంది, కొండకు వెళ్లలేరు, టీవీలో చూపిద్దామని తెల్లవారుజామున లేచి పెడితే ఏమీ రాలేదు. ఆయన అరవలేదు. "ఏడాదికి ఒక్కపాలే కద బాబూ" అన్నాడు, అంతే. రికార్డు తీసి చూస్తే ఆయన కార్డు నంబరుకూ దొంగ కార్డు నంబరుకూ ఒకే ఒక్క అంకె తేడా. పాత టీవీలో 8ని మా కుర్రాడు 3 అని చదివాడు. నేను సరిచూసుకోకుండా నొక్కాను. ఆ తప్పు నాది. ఆ సాయంత్రం నేనే వాళ్లింటికెళ్లి బాక్సు బిగించి వచ్చాను, కానీ దర్శనం అయిపోయింది కదా.

ఆ రోజు నుంచి మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఫింగర్‌ప్రింట్ రెండుసార్లు వదలాలి. రెండుసార్లూ ఫొటో తీయాలి. ఇద్దరు మనుషులు విడివిడిగా చదివి, ఇద్దరూ ఒకే నంబరు చెప్తేనే చెయ్యి వేయాలి. అలా చేసి మూడు రోజుల్లో అసలు బాక్సును పట్టుకున్నాం.

ఇప్పుడు మీ కచేరీకి ఇదెలా పనికొస్తుందో చూద్దాం.

మొదట యూట్యూబ్ అన్‌లిస్టెడ్ మానేయండి. డబ్బు కట్టి చూసే లైవ్ కోసమే నడిపే సర్వీసులు చాలా ఉన్నాయి. ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఒక్కో కుటుంబానికి వేరే లాగిన్ ఉంటుందా? ఒక లాగిన్ మీద ఒకేసారి ఎన్ని పరికరాల్లో చూడొచ్చో మనం పెట్టగలమా? వీడియో లింక్ కొద్దిసేపటికి చెల్లకుండా పోతుందా? ఈ మూడూ ఉంటే లింక్ పంచుకోవడం అనే పెద్ద కన్నం మూసుకుపోతుంది. పరికరాలు రెండు పెట్టండి, ఒకటి వద్దు. హాల్లో టీవీలో తాతగారు, వంటింట్లో ఫోన్‌లో అమ్మమ్మ చూస్తారు. అది దొంగతనం కాదు.

తర్వాత డీఆర్‌ఎమ్. ఆండ్రాయిడ్‌కీ క్రోమ్‌కీ వైడ్‌వైన్, ఆపిల్‌కు ఫెయిర్‌ప్లే, విండోస్‌కు ప్లేరెడీ. ఒక్కో పరికరానికి ఒక్కో తాళం కాబట్టి మూడూ కలిపి ఇచ్చే సర్వీసు తీసుకోవాలి. వైడ్‌వైన్‌లో స్థాయిలు ఉంటాయి. ఎల్1 అంటే ఫోన్ చిప్‌లోని భద్రమైన భాగంలోనే తాళం తెరుచుకుంటుంది, స్క్రీన్ రికార్డు చేస్తే నల్లతెర వస్తుంది. ఎల్3 అంటే సాఫ్ట్‌వేర్ తాళం మాత్రమే. కంప్యూటర్‌లో క్రోమ్‌లో చూసేవాళ్లకు మామూలుగా దక్కేది ఇదే, కాబట్టి అక్కడ గట్టిదనం తక్కువ. చాలా ఓటీటీలు ఎల్3 పరికరాలకు తక్కువ నాణ్యత బొమ్మే పంపేది ఇందుకే. మీకు డీఆర్‌ఎమ్ కావాలా అంటే, సర్వీసులో కలిసి వస్తే పెట్టండి, విడిగా పెద్ద డబ్బు కట్టి మాత్రం వద్దు. 150 రూపాయల కచేరీకి, పాత టాబ్లెట్లు వాడే పెద్దవాళ్లకు, ఇబ్బందులే ఎక్కువ వస్తాయి.

డబ్బు పెట్టాల్సింది వాటర్‌మార్క్ మీద, అంటే ఎవరి కాపీయో చెప్పేలా వీడియోలో వేసే గుర్తు మీద. ఇందులో కంటికి కనబడేది, కనబడనిది అని రెండు రకాలు.

కనబడేది చాలా సర్వీసుల్లో దొరుకుతుంది. చూసేవారి పేరు గానీ ఫోన్ నంబరులో చివరి నాలుగంకెలు గానీ లేత రంగులో తెర మీద చోటు మారుతూ కనబడుతుంది. పేరు వద్దు, నంబరు చాలు. మనిషి పేరు ఊరంతా తిరగడం మంచిది కాదు. ఇది కచేరీ కాబట్టి ఇంకో జాగ్రత్త ఉంది. మీ విద్యార్థులు చూసేది వాయించేవారి ఎడమచేతి వేళ్లు, గమకం ఎక్కడ పుడుతోందో, వేలు తీగ మీద ఎంత జారుతోందో. నంబరు అక్కడికి వెళ్లకూడదు. కమాను వైపు, తలకు పైన, మృదంగానికి కింద, ఈ మూడు చోట్లే తిరిగేలా పెట్టించుకోండి. అయితే ఈ నంబరు ఎక్కువ సర్వీసుల్లో వీడియో మీద బ్రౌజర్ అతికించే పొర మాత్రమే. స్క్రీన్ రికార్డు చేసేవాడి కాపీలో పడుతుంది. వీడియోనే నేరుగా దించుకోగలిగినవాడికి పడదు. కాస్త ఓపిక ఉన్నవాడు దాన్ని చెరిపేయనూ గలడు.

కనబడని రకంలో ఉన్న తెలివి నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఇంటర్నెట్ లైవ్‌లో వీడియో చిన్నచిన్న ముక్కలుగా వెళ్తుంది, ఒక్కోటి ఆరు సెకన్లు అనుకుందాం. ప్రతి ముక్కకూ రెండు ప్రతులు చేస్తారు. రెండింటికీ తేడా యంత్రానికి తెలుస్తుంది, కంటికి తెలియదు. ఒకటి సున్నా, ఇంకోటి ఒకటి. మీకు సున్నా-ఒకటి-ఒకటి-సున్నా వరసలో ముక్కలు వస్తే, పక్కింటికి ఒకటి-సున్నా-సున్నా-ఒకటి వరసలో వెళ్తాయి. ఆ వరసే మీ ఇంటి నంబరు. ఎనిమిది ముక్కలుంటే 256 రకాల వరసలు వస్తాయి, మీ 200 కుటుంబాలకు సరిపోతుంది. ఎనిమిది ఆర్లు నలభై ఎనిమిది. అంటే దొంగ వీడియోలో 48 సెకన్లు దొరికితే ఇల్లు తెలుస్తుంది. తప్పు జరగకుండా రెండు మూడు రౌండ్లు సరిచూడాలనుకున్నా రెండున్నర నిమిషాలు చాలు. పది లక్షల మందికైనా ఇరవై ముక్కలు, అంటే రెండు నిమిషాల వీడియో సరిపోతుంది. ఫోన్‌తో టీవీ తెరను తీసిన కాపీలో కూడా మంచి పద్ధతులు ఈ గుర్తును చదవగలవు. ఇద్దరు దొంగలు తమ కాపీలు కలిపి కుడితే కొంచెం కష్టపడాలి, కానీ మీ స్థాయిలో అంత శ్రమ ఎవరూ పడరు.

శబ్దంలోనూ ఇలా గుర్తు దాచొచ్చు. సినిమా పాటలో వాయిద్యాల హోరు మధ్య అది ఎవరికీ వినబడదు. ఒంటి వయొలిన్‌లో విలంబంగా సాగే ఆలాపనకు వెనక తంబురా తప్ప ఏమీ లేదు, దాచడానికి చోటు తక్కువ. ఒకసారి ఇలాంటి డెమో వింటుంటే శ్రుతి వెనక సన్నటి గరగర నా చెవికే తగిలింది. కాబట్టి కంపెనీవాళ్లు తెచ్చిన నమూనాతో సరిపెట్టుకోకండి. మీ అక్కగారి ఆలాపననే వాళ్లకిచ్చి, గుర్తు వేసినదీ వేయనిదీ తెప్పించి, ఏది ఏదో చెప్పకుండా ఆవిడకు వినిపించండి. ఆవిడ పట్టేస్తే శబ్దం జోలికి పోవద్దు, వీడియో గుర్తు చాలు.

చట్టం మీ వైపే ఉంది. చాలామంది ఇక్కడ ఒక పొరపాటు పడతారు, "త్యాగరాజస్వామి కీర్తనకు హక్కేమిటి?" అని. నిజమే, స్వామి 1847లో సిద్ధి పొందారు. రచయిత పోయిన 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది, కీర్తన అందరిదీ. కానీ ఆ ఆదివారం మీ వేదిక మీద ఆ విద్వాంసుడు వాయించిన తీరు ఆయనది. కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ కింద కళాకారుడికి ఆ ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఉంది. రికార్డింగ్ మీద హక్కు దాన్ని తయారుచేయించినవారిది, ప్రచురించాక 60 ఏళ్లు. టీవీ, రేడియో సంస్థలకు తమ ప్రసారాల మీద 37వ సెక్షన్ కింద 25 ఏళ్ల హక్కు విడిగా ఉంటుంది. కాబట్టి ప్రతి కచేరీకి ముందు కళాకారులతో ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. రికార్డింగ్ ఎవరిది, ఎన్నాళ్లు ఉంచుతారు, దొంగకాపీ వస్తే ఎవరు ఫిర్యాదు చేస్తారు, ఇవన్నీ అందులో ఉండాలి. మృదంగం వాయించేవారి సంతకం కూడా తీసుకోండి. ఆయనా కళాకారుడే, చాలాచోట్ల ఆయన్ను మర్చిపోతారు.

తెలిసి కావాలని కాపీరైట్ ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. తాళం పగలగొట్టడాన్ని నేరం చేసిన 65ఏ సెక్షన్ 2012 సవరణలో వచ్చింది, రెండేళ్ల దాకా జైలు. మీకు రోజువారీ అక్కరకొచ్చేది 2013 నాటి కాపీరైట్ రూల్స్‌లో 75వది. దొంగకాపీ ఉన్న వేదికకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే 36 గంటల్లో దాన్ని అందకుండా చేయాలి, 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు తేలేకపోతే వాళ్లు తిరిగి పెట్టుకోవచ్చు. యూట్యూబ్‌కు సొంత ఫిర్యాదు ఫారం ఉంది, ముందు అదే నింపండి. టెలిగ్రామ్‌లో గ్రూపు లింక్, ఆ పోస్టు లింక్ రెండూ ఇవ్వాలి. ఫిర్యాదు చేసే ముందే తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి, ఆ దొంగకాపీని కూడా దించి భద్రపరచండి. తీసేయించాక గుర్తు చదువుదామంటే కాపీ చేతిలో ఉండదు.

నంబరు దొరికాక ఏం చేయాలనేది అన్నిటికన్నా ముఖ్యం. ఆ ఇంటివాళ్లే టెలిగ్రామ్‌లో పెట్టారని అనుకోకండి. పెద్దమ్మ తన చెల్లెలికి పంపి ఉండొచ్చు, ఆవిడ మనవడు గ్రూపులో పడేసి ఉండొచ్చు. మొదట ఫోన్ చేయండి. మామూలుగా మాట్లాడండి, మీ లాగిన్ నుంచి బయటికెళ్లింది, ఒకసారి ఇంట్లో కనుక్కోండి అని. ఎక్కువసార్లు అక్కడితో ఆగిపోతుంది. రెండోసారి జరిగితే లాగిన్ ఆపండి. డబ్బు కోసం చానల్ నడిపేవాడని తేలితే అప్పుడు లాయరు దగ్గరకి వెళ్లండి.

ఇంకోటి, జనం రికార్డు ఎందుకు చేస్తున్నారో కూడా చూడండి. మీ సాయంత్రం ఆరు గంటలు వేసవిలో న్యూజెర్సీకి ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర, కాలిఫోర్నియాకు ఐదున్నర. అక్కడివాళ్లు ఎవరినో రికార్డు చేసి పంపమంటారు. కచేరీ అయ్యాక అదే లాగిన్‌తో వారం రోజులు మళ్లీ చూసుకునేలా ఉంచండి. కట్టినవాడికి దొంగకాపీ అవసరమే లేకుండా చేయడం ఏ డీఆర్‌ఎమ్ కన్నా చవక. విద్యార్థులు ఒక ఆలాపన ముక్క సాధన కోసం రికార్డు చేసుకుంటే దాన్ని పట్టించుకోకండి. చట్టం కూడా సొంత అధ్యయనానికి చోటిచ్చింది.

వచ్చే కచేరీకి ముందు శనివారం ఒక ట్రయల్ వేయండి. మూడు లాగిన్లు మూడు ఇళ్లల్లో ఇంకెవరిచేతనైనా ఇప్పించండి, ఎవరిది ఏ నంబరో మీకు చెప్పకుండా. ఒకరు స్క్రీన్ రికార్డు చేయాలి, ఒకరు టీవీ ముందు ఫోన్ పెట్టి తీయాలి, ఒకరు తీసిన వీడియోను అంచులు కత్తిరించి వాట్సాప్‌లో పంపాలి. వాట్సాప్ వీడియోను బాగా కుదించేస్తుంది, అసలు పరీక్ష అదే. ఆ మూడు కాపీలు పట్టుకుని మీరొకచోట, మీ అక్కగారొకచోట కూర్చుని ఏ కాపీలో ఏ నంబరు ఉందో రాయండి. ఇద్దరి కాగితాలూ కలవకపోతే నంబరు అక్షరాలు పెద్దవి చేయించండి, 3, 8, 6 విడివిడిగా తెలిసే అక్షరాలు వేయించండి. ట్రయల్‌లో ఏం వచ్చిందో, ఏ సర్వీసు ఎంచుకున్నారో ఇక్కడ రాయండి, సెట్టింగులు నేను చూసి చెప్తాను.